ర్యాంపు మీద నడక, లైను మీద పరుగు

(విశాఖపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో రెండో రోజు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఫ్యాషన్ గురించి మాట్లాడతానని ప్రకటించగానే ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందులో తప్పేం లేదు. నిన్నంతా భరణం కేసులు, గృహహింస కేసులు, పోలీసు స్టేషన్లలో మనకెదురైన అనుభవాలు మాట్లాడుకున్నాం. ఇవాళ పొద్దున్నే పారిస్‌లో ఎవరో అమ్మాయిలు ఎలా నడుస్తారో వినాలంటే ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది.

స్త్రీల సంఘాలకి ఇది బొత్తిగా కొత్త విషయం కూడా కాదు. 1996 నవంబరులో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు పెట్టినప్పుడు స్త్రీ శరీరాన్ని సరుకు చేసి అమ్ముకోవడాన్ని వ్యతిరేకిస్తూ దేశమంతా చర్చ జరిగింది. ఇంకోవైపు ఆడపిల్లలు జీన్స్ వేసుకోకూడదని, చున్నీ లేకుండా కాలేజీకి రాకూడదని పెద్దమనుషులూ ప్రిన్సిపాళ్ళూ హుకుం జారీ చేసిన ప్రతిసారీ మనం ఆ పిల్లల పక్షాన నిలబడుతూ వచ్చాం. రెండూ అవసరమే. అయితే ఈ రెండు చర్చల్లోనూ మన ఎదురుగా ఉన్నది బట్ట వేసుకున్న మనిషి. ఆ బట్టని కుట్టిన మనిషి కూడా స్త్రీయే. ఆవిడ మనకి ఎంతో దూరంలో లేదు. ఈ హాలు బయట బస్సెక్కితే అచ్యుతాపురంలో కనిపిస్తుంది. నేను ఇవాళ ఆవిడ వైపు నుంచి మాట్లాడతాను.

ముందు ఆ ర్యాంపు సంగతి కొంచెం చెప్పుకుందాం. న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ నగరాల్లో ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి-మార్చిలో ఒకసారి, సెప్టెంబరు-అక్టోబరులో ఒకసారి, పెద్ద కంపెనీలు ఆడవాళ్ళ కొత్త దుస్తుల్ని ప్రదర్శిస్తాయి. ఫిబ్రవరిలో చూపించేవి వచ్చే చలికాలానికి, సెప్టెంబరులో చూపించేవి వచ్చే వేసవికి. ఆ మధ్యనున్న ఆరు నెలల్లో ఆర్డర్లు ఇచ్చి, గుడ్డ కొని, కుట్టించి, ఓడలెక్కించి దుకాణాలకి చేర్చడం పాత పద్ధతి. ర్యాంపు మీద కనపడే బట్టల్ని ఎవరు వేసుకుంటారమ్మా అని నన్ను చాలామంది అడిగారు. నిజమే, ఎవరూ వేసుకోరు. అక్కణ్ణించి కిందికి దిగేది బట్ట కాదు. ఒక రంగు దిగుతుంది, చేతుల పొడవు దిగుతుంది, నడుము ఎక్కడ పట్టాలన్నది దిగుతుంది, షూ అడుగు ఎంత మందముండాలన్నది దిగుతుంది. ఆ ఒక్క ముక్కనీ పట్టుకుని, మిగతాదంతా చవగ్గా చేసి లక్షల్లో అమ్మడం వేరే కంపెనీల పని.

పై వాళ్ళు వేసుకున్నదాన్ని కింది వాళ్ళు అనుకరిస్తారు, కింది వాళ్ళు అందుకోగానే పై వాళ్ళు దాన్ని వదిలేసి ఇంకోదానికి పోతారు అని జర్మనీలో సిమ్మెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1904లోనే రాశాడు. ఈ సంగతి తెలియడానికి మన పల్లెటూళ్ళలో జర్మన్ పండితుడు అక్కర్లేదనుకోండి. పెద్దింటి కోడలు పెళ్ళికి కట్టిన చీర అంచు మరుసటి సంక్రాంతికి సంతలో నకిలీ జరీతో వచ్చేసేది. అప్పటికి ఆ కోడలు దాన్ని పెట్టె అడుక్కి తోసేసేది.

మనకి ర్యాంపంటే సినిమా తెరే. డెబ్భైల్లో వాణిశ్రీ కొప్పు, వాణిశ్రీ చీరలు ఎంతమంది ఆడవాళ్ళ కళ్ళల్లో పడ్డాయో ఇక్కడున్న పెద్దవాళ్ళకి తెలుసు. చీరల దుకాణాల్లో సినిమా పేర్లతో చీరలమ్మేవాళ్ళు. హీరోయిన్ జాకెట్టు ఎలా ఉందో టైలరే సినిమాకెళ్ళి చూసొచ్చేవాడు. దాన్ని గొప్ప స్వర్ణయుగంగా చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ టైలరింటి ఆడవాళ్ళు రాత్రిళ్ళు గుడ్డిదీపం ముందు కాజాలు కుట్టి, హుక్కులు వేసి కళ్ళు పోగొట్టుకున్న సంగతి ఎవరూ లెక్క రాయలేదు. కాకపోతే ఒక తేడా ఉంది. సినిమా వంద రోజులు ఆడేది, మోజు ఏడాది నడిచేది. అనుకరణకి టైము ఉండేది.

ఆ టైమునే మార్కెట్ కోసేసింది. స్పెయిన్ కంపెనీ జారా, డిజైను గీసిన రెండు మూడు వారాల్లో బట్టని దుకాణంలో పెట్టగలనని చూపించి ప్రపంచంలోనే పెద్ద కంపెనీ అయింది. 2010లో మన దేశంలో దుకాణాలు తెరిచింది. ఆ తర్వాత చైనాలో పుట్టిన షీన్ అంతకంటే వేగం చూపించింది. 2020లో ఇక్కడ నిషేధించారు, 2025లో రిలయన్స్ వాళ్ళతో కలిసి తిరిగొచ్చింది. టాటా వాళ్ళ జూడియోలో ధరలన్నీ వెయ్యి లోపే. ఇప్పుడు మన విశాఖ పిల్లలకి మిలాన్ ప్రదర్శన అదే రోజు సాయంత్రం ఫోనులో కనిపిస్తుంది. దాని నకలు కొద్ది వారాల్లో చేతికొస్తుంది. కొనేవాళ్ళ వైపు నుంచి చూస్తే ఇదంతా సౌకర్యమే. మరి ఆరు నెలల పని మూడు వారాల్లోకి కుదించినప్పుడు ఆ మిగతా నెలలు ఎవరి ఒంట్లోంచి వస్తాయి? నేను అడగదలచుకున్న ప్రశ్న ఇదొక్కటే.

షూలతో మొదలుపెడతాను. స్నీకర్ అంటే ఆటల బూటు. ఇరవై ఏళ్ళ కిందట దాన్ని చీర మీదో పట్టు లంగా మీదో వేసుకుంటే నవ్వేవాళ్ళు. 2014 జనవరిలో పారిస్‌లో షనెల్ కంపెనీ, డియోర్ కంపెనీ రెండూ, చేత్తో కుట్టించే అతి ఖరీదైన దుస్తుల ప్రదర్శనలో అమ్మాయిల్ని ఎత్తు మడమల చెప్పులు మాన్పించి స్నీకర్లతో నడిపించాయి. 2017లో బాలెన్సియాగా కంపెనీ మూడు బూట్ల అడుగుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే లావుపాటి షూని ర్యాంపెక్కించింది. చూడ్డానికి అందంగా ఉండదు, అది కావాలనే అలా చేశారు. దాని ధర మన రూపాయల్లో యాభై వేల పైమాటే. ఆ తర్వాత రెండు మూడేళ్ళకి జగదాంబ జంక్షన్లో, పూర్ణా మార్కెట్లో, గాజువాకలో ఆ లావు అడుగు తెల్ల షూలు కుప్పలుగా పోసి అమ్మారు. "ఫస్ట్ కాపీ" అంటారు దాన్ని. నకలులో కూడా మొదటి తరగతి, రెండో తరగతి ఉన్నాయన్నమాట! ఆ షూ కొన్న పిల్లకి బాలెన్సియాగా పేరు తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

అన్నీ పైనుంచి కిందికే వస్తాయనుకుంటే అదీ పొరపాటే. పై వాళ్ళకి కింది వాళ్ళ బట్టలంటే ఈ మధ్య మోజెక్కువైంది. 2015 అక్టోబరులో పారిస్‌లో వెట్‌మాఁ అనే కంపెనీ, డీహెచ్‌ఎల్ కొరియర్ కుర్రాళ్ళు వేసుకునే పసుపు టీషర్టు లాంటిదాన్నే ర్యాంపెక్కించి వందల డాలర్లకి అమ్మింది. 2018లో న్యూయార్కులో కాల్విన్ క్లైన్, అగ్నిమాపక సిబ్బంది వేసుకునే మెరుపు చారల కోట్లు చూపించింది. తెల్లవారుజామున మన రోడ్లు ఊడ్చే మునిసిపల్ కార్మికురాలు చీర మీద అలాంటి మెరుపు చారల కోటే వేసుకుంటుంది. కాళ్ళకి మాత్రం రబ్బరు చెప్పులే. కోటు ఇచ్చింది లారీ డ్రైవరు కంటికి ఆవిడ కనపడ్డానికి. ఆ డ్రైవరుకి తప్ప ఇంకెవరి కంటికీ ఆవిడ కనపడదు. ఆ చారలే ర్యాంపెక్కితే మాత్రం కెమెరాలన్నీ అటే తిరుగుతాయి.

చెప్పుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా కంపెనీ మగవాళ్ళ ప్రదర్శనలో, అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివి చూపించింది. ధర లక్ష రూపాయల పైనే అని పత్రికలు రాశాయి. కొల్హాపురి చెప్పులకి 2019లోనే మన దేశంలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ప్రదర్శనలో ఆ ఊరి పేరు లేదు. గొడవయ్యాక, అవి భారతీయ చేతిపని నుంచి వచ్చాయని కంపెనీ ఒప్పుకుంది. అప్పుడు మన పత్రికలన్నీ "మన సంస్కృతిని దొంగిలించారు" అని రాశాయి. ఏ "మన"? తోలు ఊనిన చేతుల్ని, చెప్పు కుట్టిన చేతుల్ని ఊరి బయట ఉంచింది ఎవరు? తాను కుట్టిన చెప్పుల్నే తాను వేసుకుని పెద్ద వీధిలో నడవలేక, చేత్తో పట్టుకుని నడిచిన మాదిగ స్త్రీల తరం ఇంకా బతికే ఉంది. అందుచేత దళితవాడలో ఒక పిల్ల తెల్ల షూ వేసుకుని ఊరి నడిబొడ్డున నడిచి వెళ్తుంటే, "ఈ పిల్లలకి ఫ్యాషన్ పిచ్చి" అని తేలిగ్గా అనేసే ముందు మనం కొంచెం ఆగాలి.

మన కోస్తాకి ఈ వ్యాపారం కొత్తది కాదు. ఒకప్పుడు ఫ్యాషన్ ఇక్కణ్ణించే పడమటికి వెళ్ళింది. మచిలీపట్నం చుట్టుపక్కల అద్దిన పూల గుడ్డల్ని పదిహేడో శతాబ్దంలో యూరపు ఆడవాళ్ళు ఎగబడి కొన్నారు. ఈస్టిండియా కంపెనీ 1680లలో విశాఖపట్నంలో స్థావరం పెట్టుకుంది కూడా గుడ్డల కోసమే. లండన్ నుంచి నమూనాలు పంపి, అక్కడి వాళ్ళ అభిరుచికి తగ్గట్టు పూలు వేయించుకునేవాళ్ళు. అంటే బయ్యరు పంపే డిజైను ప్రకారం పని చేయడమన్నది మన వాళ్ళకి మూడున్నర శతాబ్దాల అలవాటు. తమ పరిశ్రమ దెబ్బతింటుందని ఫ్రాన్స్ 1686లో ఈ గుడ్డల్ని నిషేధించింది, ఇంగ్లండు 1700లోనూ ఆ తర్వాత 1721లోనూ చట్టాలు చేసింది. 1719లో లండన్ నేతగాళ్ళు పని పోయి ఆకలితో వీధుల్లోకొచ్చారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపంతో వాళ్ళు ఎవరి మీద పడ్డారో తెలుసా? దిగుమతి చేసుకున్న వర్తకుల మీద కాదు, అద్దకం గుడ్డలు కట్టుకుని వీధిలో నడుస్తున్న ఆడవాళ్ళ మీద. ఒంటి మీద గుడ్డలు చింపేశారు, సిరా చల్లారు, యాసిడ్ పోశారు. వ్యాపారం చేసేవాడొకడు, దెబ్బ తినేది ఆడది. బట్టల చరిత్ర చదివితే ఈ సంగతి మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

ఇక అచ్యుతాపురం వెళదాం.

ధనిక దేశాలు బట్టల దిగుమతి మీద 1974 నుంచి పెట్టుకున్న కోటాలు 2005 జనవరి 1తో పూర్తిగా పోయాయి. ఏ దేశంలో చవగ్గా కుడితే అక్కడికి ఆర్డర్లు పోవడం మొదలైంది. శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ అచ్యుతాపురంలో వెయ్యి ఎకరాల్లో సెజ్ పెట్టింది ఆ మలుపులోనే. అప్పటికి అది విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. వేలాది మంది పని చేసే ఆ సెజ్‌లో అత్యధికులు స్త్రీలు. ఒకసారి మన ఉక్కు ఫ్యాక్టరీని గుర్తు చేసుకోండి. దాని కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. అది పర్మినెంటు ఉద్యోగాలిచ్చింది, క్వార్టర్లిచ్చింది, ఆస్పత్రిచ్చింది. ఆ ఉద్యోగాల్లో అత్యధికం మగవాళ్ళవే. ఈ ప్రాంతంలో ఆడవాళ్ళకి వేలల్లో ఫ్యాక్టరీ పని దొరకడం మొదలయ్యేసరికి ఉద్యోగమంటే అర్థమే మారిపోయింది. వాళ్ళకి దక్కింది బస్సు, బ్యాడ్జి, టార్గెట్టు.

అక్కడ ఎక్కువగా కుట్టేవి ఆడవాళ్ళ లోదుస్తులు. బ్రాండిక్స్ సరుకు కొనే కంపెనీల్లో అమెరికా వాళ్ళ విక్టోరియాస్ సీక్రెట్ ఉంది. ఆ కంపెనీ 1995లో లోదుస్తుల ఫ్యాషన్ షో మొదలుపెట్టింది. 2000లో వజ్రాలూ కెంపులూ పొదిగిన బ్రా చేయించి, దాని ఖరీదు ఒకటిన్నర కోట్ల డాలర్లని ప్రకటించింది. ఆడవాళ్ళని బొమ్మలుగా చూపిస్తున్నారన్న విమర్శలు పెరిగి, చూసేవాళ్ళు తగ్గిపోయి, 2019లో ఆ షోని ఆపేసింది. 2024లో మళ్ళీ మొదలుపెట్టింది. ఆ రెక్కల అమ్మాయిలు వేసుకునే రకం సరుకు కుట్టే ఒకామె నాతో ఏమన్నదో వినండి. "ఏటి కుడతన్నావని మా అత్త అడిగితే, బట్టలండి అని సెప్పినాను. బాడీలని ఎలాగ సెప్తాను మేడమ్?" న్యూయార్కులో టీవీ కెమెరాల ముందు చూపించేదాని పేరు కూడా, దాన్ని రోజుకి వందల్లో కుట్టే ఆడది ఇంట్లో పైకి చెప్పుకోలేదు. ఈ రెండు సిగ్గుల మధ్య దూరమెంతో మీరే చూడండి.

ఇప్పుడు లైను గురించి. అచ్యుతాపురం, దువ్వాడ చుట్టుపక్కల ఊళ్ళలో కుట్టు ఫ్యాక్టరీలకి వెళ్ళే ఆడవాళ్ళతో నేను కొన్నేళ్ళుగా మాట్లాడుతున్నాను. ఏ ఫ్యాక్టరీ అన్నది చెప్పను. నాతో మాట్లాడినవాళ్ళ ఉద్యోగాలుండాలి.

ఒక బ్రాలో ఇరవై నుంచి నలభై దాకా చిన్న చిన్న ముక్కలుంటాయి. లైనులో ఒకామె ఎలాస్టిక్ మాత్రమే వేస్తుంది, ఒకామె లేసు అతుకుతుంది, ఒకామె హుక్కు పట్టీ వేస్తుంది. ఒక్కో కుట్టుకి ఎంత సమయం పట్టాలో గడియారం పెట్టి లెక్కగడతారు. దాన్నిబట్టి గంటకిన్ని పీసులని టార్గెట్టు. గంట గంటకీ బోర్డు మీద అంకె రాస్తారు. తక్కువైతే సూపర్‌వైజరు వచ్చి నిలబడతాడు. ఇంతవరకూ మీలో చాలామందికి తెలిసిందే.

దీనికీ ర్యాంపుకీ సంబంధం ఏమిటంటే, స్టైలు మారినప్పుడు చూడాలి. నిన్నటిదాకా మెత్తటి గుడ్డ, ఇవాళ జారిపోయే లేసు. నిన్న వెడల్పు పట్టీ, ఇవాళ దారంలాంటి పట్టీ. మొదటి రెండు మూడు రోజులూ చెయ్యి తడబడుతుంది. వారం పది రోజులు అదే కుడితే అప్పుడు చెయ్యి తిరుగుతుంది. చెయ్యి తిరిగాకే టార్గెట్టు అందుతుంది, దాని మీద ఇన్సెంటివ్ అని నాలుగు డబ్బులొస్తాయి. పెద్ద ఆర్డర్లు, నెలల తరబడి ఒకే స్టైలు ఉన్నప్పుడు ఆ నాలుగు డబ్బులూ వచ్చేవి. ఇప్పుడు బ్రాండ్లు చిన్న చిన్న ఆర్డర్లిస్తాయి. ఏది అమ్ముడుపోతుందో చూసి దాన్నే మళ్ళీ అడుగుతాయి, పోనిదాన్ని వదిలేస్తాయి. దీన్ని వాళ్ళు తెలివైన వ్యాపారమంటారు. కుట్టేవాళ్ళకి మాత్రం చెయ్యి తిరిగేలోపు స్టైలు మారిపోతుంది. ఎప్పుడూ కొత్తే, ఎప్పుడూ తడబాటే, ఎప్పుడూ బోర్డు మీద తక్కువ అంకే. పదేళ్ళు మిషను తొక్కిన ఆడది కూడా నెలకి మూడు నాలుగుసార్లు పని రానిదానిలా తిట్లు తింటుంది.

ఆ తక్కువని ఎలా పూడుస్తారు? భోజనం అరగంటలో పది నిమిషాలు కోసుకుని. సైరన్ మోగాక లెక్కలో రాయని పావుగంట కూర్చుని. అన్నిటికంటే ఎక్కువగా నీళ్ళు తాగడం మానేసి. లేచి వెళ్తే లైను ఆగుతుంది కాబట్టి పొద్దుట్నించీ గొంతు తడుపుకోని ఆడవాళ్ళని నేను ఎంతోమందిని చూశాను. మూత్రంలో మంట, నడుం నొప్పి అని ఆస్పత్రికి వెళ్తే "నీళ్ళు బాగా తాగమ్మా" అని రాసిస్తారు డాక్టర్లు. నెలసరి రోజుల్లో సంగతి చెప్పక్కర్లేదు. ఆడవాళ్ళ ఒంటికి సుఖంగా ఉండాలని కొత్త కొత్త లోదుస్తులు కనిపెడుతున్నామని బ్రాండ్లు ప్రకటిస్తాయి. కుట్టే ఆడదాని ఒంటి సుఖం ఆ ప్రకటనలో లేదు.

ఇందులో ఫ్యాక్టరీ యజమానికి కూడా ఒక ఉచ్చు ఉంది. రంగు మార్పు బ్రాండు చివరి నిమిషంలో చెప్తుంది, తేదీ మాత్రం మార్చదు. సరుకు ఆలస్యమైతే ఓడలో పంపాల్సింది విమానంలో పంపాలి, ఆ ఖర్చు సాధారణంగా ఫ్యాక్టరీ నెత్తినే పడుతుంది. యజమాని మీద జాలిపడమని నేను చెప్పడం లేదు. ఆయన ఆ నష్టాన్ని తన దగ్గర ఉంచుకోడు, లైను మీదికి దించుతాడు. కానీ సూపర్‌వైజరుతో మాత్రమే కొట్లాడితే మనకి ఎందుకు ఫలితం రావడం లేదో తెలియాలంటే తాడు కొస ఎవరి చేతిలో ఉందో చూడాలి.

తొందర ఎక్కడుంటే భద్రత అక్కడ వెనకబడుతుంది. ఢాకా దగ్గర రానా ప్లాజా 2013 ఏప్రిల్ 24న కూలి పదకొండు వందల మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారాయని తెలిసి కూడా, ఆర్డర్ల గడువు కోసం వాళ్ళని లోపలికి పంపారు. మన దగ్గర సంగతి వేరే. 2022 జూన్ 3న బ్రాండిక్స్ సెజ్‌లోని సీడ్స్ యూనిట్‌లో ఆడవాళ్ళు విషవాయువు పీల్చి వాంతులతో, కళ్ళ మంటలతో కుప్పకూలిపోయారు. రెండు వందల మందికి పైగా అని అప్పటి వార్తలు. క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందు ఆనవాళ్ళున్నాయని చెప్పారు. రెండు నెలలు తిరగకుండా ఆగస్టు 2న అదే యూనిట్‌లో అదే జరిగింది, ఈసారి వంద మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. అప్పుడు ప్రభుత్వం యూనిట్ మూయించింది. మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఆ ఆడవాళ్ళంతా మళ్ళీ వెళ్ళి అదే మిషన్ల ముందు కూర్చున్నారన్నది మనం మర్చిపోకూడదు. వెళ్ళకపోతే జీతం లేదు. సొంత పేరుతో జీతం ఆ ఇళ్ళలో చాలామందికి మొదటిసారి. మూసేస్తే పీడా పోతుందనేంత తేలిక కాదు మనకి.

షూల విషయానికొస్తే, మన రాష్ట్రం దక్షిణపు కొసన తడ దగ్గర అపాచీ కంపెనీ అడిడాస్‌కి షూలు తయారు చేస్తుంది. అక్కడా పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే. 2022, 2023 సంవత్సరాల్లో అడిడాస్ వాళ్ళ సాంబా అనే పాత ఫుట్‌బాల్ షూకి ప్రపంచమంతా గిరాకీ పుట్టింది. మంచు పట్టిన మైదానాల కోసం ఎప్పుడో చేసిన షూ అది. ఒక డిజైనరు ర్యాంపెక్కించింది, సినిమావాళ్ళు వేసుకున్నారు, అంతే. బ్రిటన్ ప్రధాని సునాక్ కూడా 2024లో వేసుకుని, ఆ షూ పరువు తీశారని కుర్రకారు వెక్కిరిస్తే క్షమాపణ చెప్పుకున్నాడు. ప్రధానమంత్రి బూటు మీద పడ్డ చర్చలో వందో వంతు ఆ బూట్లు అతికే చేతుల మీద పడదు. అడుగుభాగాన్ని జిగురుతో అతికే చోట ఆ వాసన పీలుస్తూ నిలబడే పిల్లకి కూడా ఒక అభిరుచి ఉంటుంది, ఏ షూ తన కాలికి బాగుంటుందో తెలుసు.

మీటింగుల్లో నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇక్కడే వస్తుంది. "మన పిల్లలు ఆ ఫ్యాషన్ల వెంట పడటం మానిపించాలి కదా?" గాజువాక వైపు ఒకామె ఉంది, కుట్టు ఫ్యాక్టరీలో చెకరు. ఆవిడ కూతురు డిప్లొమా చదువుతోంది. తెల్ల షూ కావాలని పిల్ల మూడు నెలలు పోరింది. ఫస్ట్ కాపీ ఎనిమిది వందలు. ఆవిడ ఓవర్‌టైము డబ్బుతో కొనిచ్చింది. "ఎందుకమ్మా అంత ఖర్చు?" అని పక్కనున్న కార్యకర్త అడిగింది. "నాను పెళ్ళైన కొత్తల్లో చెప్పుల్లేకుండా బస్సుకి పరుగెట్టినాను మేడమ్. ఇది చెప్పులతో పరుగెట్టాలేటి? బూట్లతోనే పరుగెట్టనియ్యండి" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండాలని కూడా అనుకోను.

చీర కుచ్చిళ్ళు పట్టుకుని బస్సెక్కిన తరం తర్వాత చుడీదార్లొచ్చాయి, ఆ తర్వాత ప్యాంట్లు, షూలు. ఇవి మార్కెట్ లాభం కోసమే తెచ్చింది, సందేహం లేదు. కానీ ఆడపిల్ల కాలికి పరుగునిచ్చిన ప్రతి వస్తువూ ఆ పిల్ల చేతిలో ఇంకోలా మారుతుంది. మన విశాఖ పిల్ల జ్యోతి యర్రాజి వంద మీటర్ల హర్డిల్స్‌లో 2023లో, 2025లో ఆసియా ఛాంపియన్ అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పోటీలో దిగిన మొదటి భారతీయురాలు. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళలో పనిచేసింది. పారిస్‌లో ఫ్యాషన్ ర్యాంపే కాదు, పరుగు ట్రాక్ కూడా ఉంది. షూ అనేది ఏ దారిలో నడుస్తుందన్నదే నాకు ముఖ్యం. అందుకని పిల్లల్ని తిట్టే పని మనం పెట్టుకోవద్దు. ఆ పని చేయడానికి ఊళ్ళో చాలామంది మగవాళ్ళున్నారు.

మరి మనం పెట్టుకోవలసిన పనేమిటి? పని గంటల సంగతి ముందు చూడాలి. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజుకి పని గంటల పరిమితిని తొమ్మిది నుంచి పదికి, మూడు నెలల్లో ఓవర్‌టైము పరిమితిని 75 గంటల నుంచి 144 గంటలకి పెంచే సవరణకి ఆమోదం తెలిపింది. స్త్రీల రాత్రి షిఫ్టుకి వాళ్ళ అంగీకారం ఉండాలన్నారు. ఉద్యోగం కావాలంటే సంతకం పెట్టాలన్న చోట అంగీకారమంటే ఏమిటో మనకి తెలుసు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయని కేంద్రం ప్రకటించింది. వాటిల్లో ఎన్ని లొసుగులున్నా ఓవర్‌టైముకి రెట్టింపు కూలి అన్న మాట ఉంది. ఆ రాయని పావుగంటలు ఓవర్‌టైమే. వాటిని రాయించడం మొదటి మెట్టు.

టార్గెట్టు గురించి మన డిమాండ్ల పత్రాల్లో "తగ్గించాలి" అని మాత్రమే రాస్తున్నాం. అది చాలదు. స్టైలు మారిన మొదటి రోజుల్లో టార్గెట్టు ఎంత, ఇన్సెంటివ్ ఎలా లెక్కగడతారు, అది ఎవరికి చూపిస్తారు అని విడిగా అడగాలి. యాజమాన్యం దగ్గర ఈ లెక్క ఉంటుంది, బ్రాండుతో ధర మాట్లాడుకునేటప్పుడు వాడుకుంటుంది. కార్మికురాలికి మాత్రం చూపించదు. బ్రాండ్లని అడగడానికి కూడా దారుంది. నైకీ 2005లోనే తన ఫ్యాక్టరీల జాబితా బయటపెట్టింది, ఆ తర్వాత అడిడాస్, హెచ్ అండ్ ఎం వంటివీ పెట్టాయి. ఆ జాబితాల్లో మన ఊళ్ళ పేర్లు వెతికిన సంఘం అక్కడి స్త్రీల ఫిర్యాదుని నేరుగా కొనేవాడి దగ్గరికే తీసుకుపోగలదు. కోర్టుకి పోయినంత బలం దానికి లేదు, కానీ పరువు గురించి భయపడే వ్యాపారం ఇది.

ఆడవాళ్ళు కలిసి కదిలితే ఎలా ఉంటుందో బెంగుళూరు చూసింది. ప్రావిడెంట్ ఫండు సొమ్ము రిటైరయ్యే దాకా పూర్తిగా తీసుకోకూడదని 2016 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధన తెచ్చింది. నలభై నిండకుండానే లైను నుంచి బయటికి వచ్చేసే ఆడవాళ్ళకి ఆ డబ్బే ఆడపిల్ల పెళ్ళి, అప్పు, ఆపరేషను. ఏప్రిల్ 18, 19 తేదీల్లో వేలాది మంది కుట్టు కార్మికురాళ్ళు మిషన్లు వదిలి రోడ్ల మీదికొచ్చారు. నడిపించింది ఏ పెద్ద యూనియనూ కాదు. నగరం స్తంభించింది. పోలీసులు లాఠీలు ఝళిపించారు, కేసులు పెట్టారు. 19వ తేదీనే కేంద్రం ఆ నిబంధనని వెనక్కి తీసుకుంది. వాళ్ళ గురించి ఆ వారం రాసిన పత్రికలు మళ్ళీ రాయలేదు.

నేను చాలాసేపు తీసుకున్నాను. ఈ హాల్లో కుట్టు లైన్ల నుంచి వచ్చినవాళ్ళు ఆరుగురున్నారు. ఇవాళ వాళ్ళకి వారపు సెలవు, సాయంత్రం నాలుగు గంటల బస్సుకి వెళ్ళిపోవాలి. టీ అయ్యాక వాళ్ళు మాట్లాడతారు. నాలుగు నెలల పే స్లిప్పులు తెచ్చారు, స్టైలు మారిన తేదీలు ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. వాళ్ళ ఫోటోలు మాత్రం దయచేసి ఎవరూ తియ్యొద్దు.